నాలుగు సెకన్ల పట్టు

పరాయివాడి మీద అసూయపడే మగవాళ్ళు లోకంలో కొల్లలు. తన కుడిచేతి మీద తానే అసూయపడి కుమిలిపోయినవాడు మాత్రం, నాకు తెలిసినంతలో, వింగ్ కమాండర్ మేడికొండ ధనుంజయ్ ఒక్కడే. ఆ చెయ్యి అతని ఒంటినే అంటిపెట్టుకుని ఉంటే ఏ గొడవా లేకపోను. అది పోయి పోయి స్క్వాడ్రన్ లీడర్ పొట్నూరు సాకేత్ భుజానికెక్కి కూర్చుంది. అక్కడొచ్చింది తంటా.

ఫిబ్రవరి నెల, పొద్దున పదకొండు గంటలు. సరుగుడు తోటల అవతల సముద్రం, ఇవతల మూడు కిలోమీటర్ల రన్‌వే. పసుపు ముక్కు విమానం ఒకటి సముద్రం మీంచి వచ్చి, కుదుపన్నది లేకుండా నేలను తాకింది. దాని అసలు పేరు అంకెలూ అక్షరాలూ కలిసి బారెడుంటుంది. ముక్కు రంగు చూసి అక్కడివాళ్ళు గోరువంక అని పిలుచుకుంటారు. మానిటర్ల గదిలో పదకొండు మందీ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు.

"అబ్బ, ఏం దింపాడండీ సాకేత్ గారు! అచ్చం ధనుంజయ్ సార్ దింపినట్టే ఉంది," అన్నాడు వెనక కూర్చున్న టెక్నీషియన్ ఒకడు.

ధనుంజయ్ విననట్టు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అచ్చం తనలా ఎందుకుండదు? దింపింది తన చెయ్యేనాయె!

కొత్త విమానం వైమానిక దళం చేతికి వెళ్ళేముందు దాన్ని ఆకాశంలో తిప్పి, కుదిపి, కావాలని పడేసి, ఎక్కడ మొండికేస్తుందో కనిపెట్టడం ఆ పరీక్షా స్క్వాడ్రన్ పని. పన్నెండేళ్ళు ఆ పనిలో ధనుంజయ్‌ని మించినవాడు లేడు. అతని భార్య హైమ అక్కడే ఇంజనీరు. విమానం మొండికేసే సంగతి మొగుడి బుర్రకంటే చేతికి ముందు తెలుస్తోందని ఆమె ఏళ్ళ తరబడి గమనించింది. ఎలా తెలిసిందని అడిగితే, "ఏమో, చేతికి అనిపించింది" అనేవాడు. ఆ అనిపించడాన్ని పుస్తకంలో రాయలేరు, క్లాసులో చెప్పలేరు. పైలట్ రిటైరైతే అదీ మూట సర్దుకుని వెళ్ళిపోతుంది. దాన్ని దాచిపెట్టడానికి హైమ ఒక తొడుగు తయారు చేసింది. వేలికొసల నుంచి భుజం దాకా పట్టే బూడిదరంగు గుడ్డ, నేతలో వెంట్రుకంత సన్నని తీగలు. ధనుంజయ్ దాన్ని తొడుక్కుని నలభై ఆరు సార్లు ఎగిరాడు. ఏ కండరం ఎప్పుడు బిగిసిందో, ఎప్పుడు సడలిందో అంతా అది పట్టుకుంది. ఇప్పుడు అదే తొడుగును సాకేత్ వేసుకుంటే, ధనుంజయ్ చెయ్యి ఎటు కదిలేదో అటు సాకేత్ చేతిని మెల్లగా నెడుతుంది. బుర్ర ఆలోచించేలోపు చెయ్యి పని కానిచ్చేస్తుంది.

సెప్టెంబరులో ధనుంజయ్ ఎడమచెవి లోపల ఏదో దెబ్బతింది. తల తిప్పితే చాలు, గది గిర్రున తిరిగేది. డాక్టర్ల బోర్డు కాగితం మీద ఒక్క ముక్కలో తేల్చేసింది, ఇక ఎగరడానికి వీల్లేదని. అప్పట్నుంచి అతను మానిటర్ల గదిలో కుర్చీకి అతుక్కుపోయి, తన చెయ్యి ఇంకొకడితో కలిసి ఆకాశంలో షికారు చేయడం చూస్తున్నాడు. ఒళ్ళు మండదా మరి?

సాకేత్ చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడమీది నల్లబోర్డు దగ్గరికి నడిచాడు. ఆ స్క్వాడ్రన్‌లో అదొక ఆచారం. దిగొచ్చిన పైలట్ విమానం తప్పులు చెప్పేముందు తన తప్పు సుద్దముక్కతో అందరి ముందూ రాయాలి. రాసిన తప్పుకి శిక్ష లేదు, ఎకసెక్కం లేదు. రాయకుండా దాచిపెట్టడమే అక్కడ మహాపరాధం. "రెండో మలుపులో ఎత్తు చూసుకోలేదు. పరధ్యానం," అని రాసి సాకేత్ హాయిగా నవ్వాడు. ధనుంజయ్ ఆ నవ్వు మీంచి చూపు తిప్పుకున్నాడు. ఎందుకంటే అదే బోర్డు దగ్గర నిలబడి అతనొక అబద్ధం ఆడి ఉన్నాడు.

అది ఆగస్టు నాటి మాట, అతని నలభై ఒకటో సార్టీ, అంటే తొడుగుతో నలభై ఒకటోసారి ఎగరడం. ముక్కు బాగా పైకెత్తి, వేగం చంపేసి, గోరువంకను కావాలని పడేయాలి. పడేటప్పుడు విమానాన్ని నడిపే స్టిక్ చేతిలోంచి వదిలేస్తే చాలు, విమానం దానంతటదే ముక్కు దించి తేరుకుంటుంది. ఆరోజు ధనుంజయ్ చెయ్యి వదల్లేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి భయం పుట్టి, పిడికిలి రాయిలా బిగుసుకుపోయింది. నాలుగు సెకన్ల తర్వాత, అదృష్టం కొద్దీ ముక్కు దానంతటదే దిగింది. అప్పుడు గానీ వేళ్ళు సడల్లేదు.

దిగొచ్చాక అతను సుద్దముక్క అందుకున్న మాట నిజమే. కానీ ఎదురుగా బెంచీ మీద సాకేత్ కూర్చుని ఉన్నాడు, స్క్వాడ్రన్‌కి వచ్చి వారమే అయింది. ముందురోజే నేలమీది సిమ్యులేటర్లో ఇదే పరీక్షలో ఒక్క సెకనులో స్టిక్ వదిలేసి, హైమ చేత "శభాష్!" అనిపించుకున్నాడు. పదహారేళ్ళ కాపురంలో హైమ తనను శభాష్ అన్నది ఎన్నిసార్లో ధనుంజయ్‌కి లెక్క తెలుసు, ఒక చేతి వేళ్ళు చాలు. "కావాలనే నాలుగు సెకన్లు పట్టి ఉంచాను, దాని స్వభావం చూద్దామని," అని చెప్పి, బోర్డు మీద "తప్పేమీ లేదు" అని రాశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సాకేత్ అందరికంటే గట్టిగా కొట్టాడు.

మళ్ళీ ఫిబ్రవరికి వస్తే, ఆ ఆదివారం మధ్యాహ్నం సాకేత్‌ని హైమ భోజనానికి పిలిచింది. తిన్నాక పన్నెండేళ్ళ కూతురు మేఖల అతన్ని వదలకుండా కారమ్స్‌కి కూర్చోబెట్టింది. రెండు కాయిన్లు పడ్డాయో లేదో గావుకేక పెట్టింది.

"నాన్నా, చూడు చూడు! అంకుల్ అచ్చం నీలాగే ఉంగరం వేలితో కొడుతున్నాడు!"

సాకేత్ తన వేలి వంక తానే చూసుకుని సిగ్గుపడ్డాడు. "ఏటో సార్, ఈమధ్య ఇలాగే అయిపోతోంది. మొన్న ఊరెళ్తే మా అమ్మ అడిగింది, కాఫీ తాగేటప్పుడు ఆ చిటికెనవేలు ఎందుకురా అలా లేపుతావని. మీకుందా సార్ ఆ అలవాటు?"

ధనుంజయ్ తన చేతిలోని కప్పు చూసుకున్నాడు. చిటికెనవేలు లేచే ఉంది. దించుకుని, "లేదే," అన్నాడు.

మొగుడూ పెళ్ళాల మధ్య ఒక మాట ఉండేది, అది కూడా చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో, ఎగిరి ఇంటికొచ్చాక కూడా ధనుంజయ్ కుడి పిడికిలి బిగుసుకునే ఉండేది. ఆ సంగతి అతనికే తెలిసేది కాదు. హైమ పక్కన కూర్చుని, వేలితో ఆ పిడికిలి మీద మూడుసార్లు తట్టి, మెల్లగా "వదులు" అనేది. వేళ్ళు విచ్చుకునేవి. ఆ గొంతు ఆమె ఇంకెవరితోనూ వాడి ఎరగదు. తొడుగు తయారయ్యే రోజుల్లో చెయ్యి పూర్తిగా బిగియడం, పూర్తిగా సడలడం నమోదు చేయాల్సి వచ్చింది. సడలించడానికి ల్యాబ్‌లోనూ ఆమె అదే పద్ధతి వాడింది. వందలసార్లు తట్టింది, వందలసార్లు అంది, చేతి కదలికలతోపాటు ఆ మాటా తొడుగులో చేరిపోయింది. దాని వల్ల ఏమవుతుందో ఇద్దరికీ తట్టలేదు.

కాసేపటికి మేఖల ఆట మధ్యలో కుక్కపిల్ల చెవి పట్టుకుని లాగుతుంటే, హైమ వంటింటి గుమ్మంలోంచి, మెల్లగా, "పాపం, దాన్ని వదులు," అంది.

సాకేత్ చేతిలోని కాఫీ కప్పు నేలమీద పడి భళ్ళుమంది. అయిదు వేళ్ళూ బార్లా తెరుచుకుని ఉన్నాయి.

మేఖల పకపకా నవ్వింది. హైమ కూడా ముందు నవ్వి, ఆ తర్వాత సంగతి తలకెక్కి, ముఖం ఎర్రబడి, చీపురు కోసం లోపలికి వెళ్ళిపోయింది. "ఏటయ్యిందో తెలీలేదు, సారీ మేడమ్," అంటూ సాకేత్ పెంకులు ఏరుతున్నాడు. ధనుంజయ్‌కి నిలువునా నిప్పంటుకున్నట్టయింది. విద్య పోతే పోయింది, స్క్వాడ్రన్ కోసం ఇచ్చాడు. ఇదెవరిచ్చారు వీడికి? పదహారేళ్ళుగా తన ఒక్కడిదే అనుకున్న మాటకి ఇంకొకడి వేళ్ళు తెరుచుకున్నాయి.

మంగళవారం హైమ అతన్ని ల్యాబ్‌కి పిలిచింది. బల్లమీద నలభై ఒకటో సార్టీ గ్రాఫు పరిచి ఉంది.

"రేపు గోరువంక రెక్కల కింద బరువులు కట్టి పడేస్తున్నాం. సాకేత్ ఎగురుతాడు," అంది. "అనుమతి కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ నాలుగు సెకన్లు నువ్వు కావాలనే పట్టావుగా?"

"ఏం, అనుమానమా?"

"అనుమానం కాదయ్యా. కావాలని పట్టిన చేతికి లెక్క ఉంటుంది, నాలుగనగానే వదిలేస్తుంది. బిగుసుకుపోయిన చేతికి లెక్కేముంది? ముక్కు దిగేదాకా వదలదు. రేపు ఆ బరువులతో పట్టు వదిలితేగానీ ముక్కు దిగదు. ముక్కు దిగకపోతే ఈ చెయ్యి వదలదు. సముద్రంలో పడేదాకా అంతే. గ్రాఫులో రెండు రకాల పట్టూ ఒకలాగే కనబడుతుంది, అందుకే నిన్నే అడుగుతున్నా."

నిజం ధనుంజయ్ నోటిదాకా వచ్చింది. వచ్చిందాన్ని రానిస్తే పోయేది. హైమ గ్రాఫు వంకే చూస్తూ, "తొడుగు వేయకముందు సాకేత్ ఒక్క సెకనులో వదిలేసేవాడు, గుర్తుందా? ఎంత ముచ్చటేసేదో. ఇప్పుడు వాడి సొంత అలవాటు నీ దాని కింద అణిగిపోయింది," అంది.

ముచ్చటేసేదట!

"కావాలనే పట్టాను. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు.

హైమ కలం తీసి సంతకం పెట్టింది.

బయటికొచ్చాక ధనుంజయ్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. వాడు మొనగాడని అందరూ అంటున్నారుగా, వాడే చూసుకుంటాడు. మనసు అడుగున ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు? చావాలని కాదు, ఛ ఛ, అంత పాపిష్టివాడేం కాదు. ఒక్కసారి బెదిరిపోయి, ముఖం పాలిపోయి, కాళ్ళు వణుకుతూ దిగొస్తే చాలు. హైమ అది చూస్తే చాలు.

బుధవారం తెల్లారేసరికి మాత్రం ఆ సర్దుబాటు కుదరలేదు. చెప్పేద్దామనే నిశ్చయంతో తొమ్మిదింటికే హ్యాంగర్‌కి వెళ్ళాడు. అక్కడ హైమ సాకేత్ చేతికి తొడుగు ఎక్కించి, మణికట్టు దగ్గర పట్టీ బిగిస్తోంది. "గట్టిగా ఉందా? కాస్త సడలించనా?" అంటోంది. ఆర్నెల్ల క్రితం దాకా ఆ పట్టీ ధనుంజయ్ మణికట్టు మీద ఉండేది, ఆ ప్రశ్న అతన్ని అడిగేది. అతను గుమ్మం దగ్గరే నిలబడి, కక్కలేక మింగలేక, వెనక్కి తిరిగి మానిటర్ల గదికి వెళ్ళి కూర్చున్నాడు.

పది ఇరవైకి గోరువంక సముద్రం మీద నాలుగు వేల మీటర్ల ఎత్తులో ఉంది. గదిలో అందరికంటే ముందు హైమ, మైకు ఆమెదే. పక్కన ధనుంజయ్. వెనక కమాండింగ్ ఆఫీసరు కురియన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాకేత్ ముక్కు ఎత్తాడు. వేగం పడిపోయింది. విమానం ఒక్క క్షణం ఆకాశంలో నిలబడి, రాయిలా కిందికి జారింది.

పట్టు చూపించే గీత తెరమీద నిట్టనిలువుగా లేచింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. గీత దిగలేదు.

"రిలీజ్," అంది హైమ. ఆ రేడియోలో ఇంగ్లీషు తప్ప వేరే భాష వాడకూడదని నియమం. "రిలీజ్! రిలీజ్!"

విమానం తిరగడం మొదలైంది. మూడు వేల నాలుగు వందలు.

"రావట్లేదు మేడమ్!" సాకేత్ గొంతు తెలుగులోకి జారిపోయింది. "చెయ్యి రావట్లేదు! ఎడంచేత్తో పీకుతున్నా, రావట్లేదు!"

హైమ ఇక్కణ్ణించే తొడుగు కరెంటు తీసేసింది. గీత అలాగే ఉంది. ముప్పై సార్టీలు తొడుక్కున్నాక తొడుగు చెప్పక్కర్లేదు, సాకేత్ చేతికే అది అలవాటైపోయింది. సీటుతో సహా బయటపడమని కురియన్ వెనకనుంచి అరిచాడు. సీటును బయటికి ఎగరగొట్టే పిడి లాగడానికి రెండు చేతులూ కావాలి.

రెండు వేల ఎనిమిది వందలు.

ధనుంజయ్ లేచి నిలబడ్డాడు. గదిలో పదకొండు మంది, ప్రతి మాటా రికార్డవుతోంది. "హైమా, అది కావాలని పట్టింది కాదు. భయం. నలభై ఒకటిలో నేను భయపడ్డాను," అన్నాడు.

హైమ అతని వంక చూసింది. ఆ చూపు అరక్షణం కూడా లేదు, కానీ అతనికి జీవితాంతం సరిపోయేంత ఉంది.

"ముక్కు దిగేదాకా వదలదు. నువ్వు చెప్పాలి. నాకు చెప్పినట్టు చెప్పు," అన్నాడు ధనుంజయ్.

ఆమె మైకులో, "వదులు!" అని అరిచింది. గీత కదల్లేదు. రెండు వేల మూడు వందలు.

"అలా కాదు!" ధనుంజయ్ కుడి పిడికిలి బిగించి ఆమె ముందు బల్లమీద పెట్టాడు. "ఇంట్లో చెప్పినట్టు. అది నా చెయ్యే హైమా. నాకు చెప్పు."

హైమ కళ్ళు మూసుకుంది. వేలితో ఆ పిడికిలి మీద మూడుసార్లు తట్టింది. విమానం పడిపోతున్న సంగతే తెలియనట్టు, పక్కన కూర్చుని కాఫీ ఇస్తున్నట్టు, పదహారేళ్ళుగా ఇంకెవరూ వినని ఆ గొంతుతో, మెల్లగా, "వదులు," అంది.

ధనుంజయ్ వేళ్ళు విచ్చుకున్నాయి. ఆ మాట తన చెవి పక్కగా మైకులోకి, సముద్రం మీదికి, ఇంకొకడి చెవిలోకి వెళ్ళడం అతను విన్నాడు. అప్పుడు కూడా, అంత ప్రమాదంలో కూడా, లోపల ఎక్కడో చురుక్కుమంది.

తెరమీద గీత కుప్పకూలింది. పదహారు వందల మీటర్ల దగ్గర గోరువంక ముక్కు దించింది. తొమ్మిది వందల దగ్గర రెక్కలు సమంగా నిలిచాయి.

సాకేత్ దిగొచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది, కాళ్ళు వణుకుతున్నాయి. ధనుంజయ్ కోరుకున్నది అక్షరాలా జరిగింది. సాకేత్ సుద్దముక్క తీసుకుని ఏం రాయాలో తెలియక తడబడుతుంటే, ధనుంజయ్ వెళ్ళి అతని చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

"సార్టీ 41. భయపడ్డాను. అబద్ధం చెప్పాను," అని రాశాడు. ఆగాడు. దాని కింద ఇంకో గీత: "నిన్న అడిగినప్పుడు మళ్ళీ అబద్ధం చెప్పాను. సాకేత్ మీద అసూయ."

రాసిన తప్పుకి అక్కడ శిక్ష లేదు. సాకేత్ ఆ చివరి మాట రెండుసార్లు చదివాడు. "నా మీదేటి సార్?" అన్నాడు నమ్మలేనట్టు. "నేను పొద్దస్తమానం మీలా ఎగరాలని ఏడుస్తుంటే!"

ధనుంజయ్ సుద్దముక్క పళ్ళెంలో పెట్టేసి తల దించుకున్నాడు.

తొడుగులో మంచి పట్టునూ భయం పట్టునూ విడదీయడం కుదరదని మధ్యాహ్నానికి తేలింది. నలభై ఆరు సార్టీలూ చెరిపేయమని కురియన్ ఉత్తర్వు ఇచ్చాడు. ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు హైమ ఒక్కతే కూర్చుంది. ధనుంజయ్ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇది పోతే నువ్వు ఎగిరిన గుర్తు ఇంకెక్కడా మిగలదు," అంది వెనక్కి చూడకుండా.

"చెరిపెయ్."

చెరిపేసింది. కుర్చీలోంచి లేస్తూ అంది: "భయపడ్డావని కాదు నా కోపం. భయపడ్డానని నాకు ఇంట్లో చెప్పినా, నీ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. నా ఎదురుగా నిలబడి, నా చేత ఆ పిల్లాడి చావుమీద సంతకం పెట్టించావు." బ్యాగు తీసుకుని, అతన్ని దాటుకుని, ఒక్కతే బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

నెల తిరిగాక ఒక ఆదివారం సాకేత్ మళ్ళీ భోజనానికి వచ్చాడు. తొడుగు లేకుండా మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాడట, చెయ్యి మెల్లగా తనదవుతోందట. కారమ్స్ బోర్డు దగ్గర చూపుడువేలితో కొట్టి, వరసగా నాలుగు కాయిన్లు పోగొట్టాడు.

"ఛీ అంకుల్, మీకు ఆటే రాదు!" అంది మేఖల.

"ఇదే తల్లీ నా ఆట," అని సాకేత్ సంబరంగా నవ్వాడు.

ఓడేవాళ్ళతో ఆడటం విసుగేసి మేఖల కుక్కపిల్ల మీద పడింది. హైమ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఏదో అనబోయి, ఆగి, మాట మార్చుకుంది.

"మేఖలా, దాన్ని విడిచిపెట్టు," అంది.

సాకేత్ చేతిలో కప్పు కదల్లేదు. ధనుంజయ్ తల దించి చూసుకున్నాడు. మోకాలి మీద తన కుడి పిడికిలి బిగుసుకుని ఉంది, ఎప్పట్నుంచి ఉందో ఏమో. హైమ కూడా దాన్ని చూసింది. చూసి, లోపలికి వెళ్ళిపోయింది. అతను కాసేపు అలాగే ఎదురుచూశాడు. తర్వాత ఎడమచేత్తో, ఒక్కొక్క వేలే పట్టుకుని, తన పిడికిలి తానే విప్పుకున్నాడు.